కుర్మయ్య మెడ మీది బొడిపె

ఆముదపు కాయలు కొట్టే రోజు పొద్దున కుర్మయ్య మెడ వెనక బొడిపె మొలుస్తుంది. తెల్లగా, మెత్తగా, అచ్చం ఆముదపు గింజ కొనకు ఉండేలాంటిదే. కాకపోతే రేగుపండంత. చీమలు గింజ లోపలి పప్పును ముట్టవు. ఆ బొడిపె కోసమే గింజను పుట్టకు మోసుకుపోతాయి. నలభై ఏళ్లు ఆముదం పండించినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? అందుకే అతడు ముందుగా గడప వైపు చూస్తాడు.

"ఏమే, చీమలొచ్చినయా?"

"ఇంకా రాలే," అంటుంది భార్య మణెమ్మ. "వస్తే వాటికీ చాయ పెడ్త. కూసో."

ఆ ఇంట్లో కాలు బెణికినా, కడుపు ఉబ్బినా మందు ఒక్కటే. మణెమ్మ గోరువెచ్చని ఆముదం చేతిలో పోసుకుని బొడిపెకు పట్టిస్తుంది. అది చంటిపిల్లలా చప్పరిస్తూ నూనెంతా పీల్చి జామకాయంత అవుతుంది. కమ్మని వాసన వీధి దాకా పోతుంది.

"తప్పు చేసినవే," అంటాడు కుర్మయ్య మెల్లగా.

"నలభై ఏండ్ల సంది నీకు నూనె పెడ్తున్న. ఇయ్యాల తప్పయిందా?"

చీమలు వరుసగా వస్తాయి. ఒక్కొక్కటి మేకంత. కుర్మయ్య గుంజను కౌగిలించుకుంటాడు. వాటికి తొందరేమీ లేదు. గుంజతో సహా ఎత్తుతాయి.

"నన్నెందుకు తీస్కపోతున్నరు?"

"నిన్నెవరు తీస్కపోతున్నరు?" అంటుంది ముందున్న చీమ, పంచాయితీ పెద్దలా. "బొడిపెను తీస్కపోతున్నం. నువ్వు దానికి అంటుకొని ఉన్నవు."

"తిన్నంక ఇంటికి పంపుతరా?"

"పంపం. మీ ఇంటి కిందనే పారేస్తం."

మణెమ్మ ఉరికి వచ్చి అతని చేయి పట్టుకుంటుంది. ఆమె చేతికి ఇంకా నూనె ఉంది. పట్టు జారుతుంది.

పుట్టలో బొడిపెను కొరికి తినేస్తాయి. నొప్పి లేదు. అదే అతన్ని భయపెడుతుంది. తర్వాత ఇంటి కిందున్న తమ చెత్తగుంటలోకి దొర్లిస్తాయి. అక్కడి మట్టి వెచ్చగా, పెంటకుప్పలా బలంగా ఉంది. పైన మణెమ్మ నడుస్తున్న చప్పుడు. పిలవబోతాడు. నోరు పెంకులా బిగుసుకుపోయింది.

వాన పడుతుంది. కుర్మయ్య వీపు సన్నగా పగిలి రెండాకులు తల ఎత్తుతాయి. మట్టిని తోసుకుంటూ, అతని గొంతుతోనే దగ్గుకుంటూ పైకి పోతాయి.

"మణీ, తలుపు తియ్యి."

"వచ్చినవా," అంటుంది మణెమ్మ. "ఎంత పచ్చగయినవు. కూసో, బువ్వ పెడ్త."

కంచం చప్పుడు. పైన మొలక నిదానంగా నములుతుంది. ముద్ద ముద్దకూ కింద కుర్మయ్య కొంత ఖాళీ అవుతాడు. మూడో ముద్దకు మోకాళ్లు పోతాయి. ఏడో ముద్దకు పేరు పోతుంది.

పైన మణెమ్మ ఆ పేరుతోనే మొలకను పిలిచి, ఇంకొంచెం పెట్టనా అని అడుగుతుంది.