పడి లేచినవాళ్ళకే నక్షత్రం

ఆరు వారాలుగా ఆ పిల్ల గోడ వదల్లేదు. స్కేట్లు కట్టుకుని మంచు మీదికి దిగడం, అంచుగోడను రెండు చేతులా కరుచుకోవడం, గంట కొట్టగానే దిగినచోటే ఎక్కిపోవడం. తోటి పిల్లలు బల్లి అని పేరు పెట్టేశారు. ఆ పిల్లకు కోపం కూడా రాలేదు. టీచరమ్మకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

స్కేటింగ్ నేర్పే ఈ టీచరమ్మ ఒకప్పుడు పతకాలు గెలిచిన మనిషే. కానీ ఏడేళ్ళ పిల్లల ముందు పతకాలు ఏ మూలకు? చక్కగా చేసినవాళ్ళ బూటు మీద వెండి నక్షత్రం స్టిక్కరు అతికించి చూసింది. వచ్చినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. బల్లి బూట్లు బోసిగానే మిగిలాయి. అసలు భయమంతా పడటం గురించే కదా అనుకుని, ఒకరోజు రూలు తిరగేసింది. ఇకనుంచి పడి లేచినవాళ్ళకే నక్షత్రం.

ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఒకడైతే సరిగ్గా నిలబడకుండానే మూడుసార్లు పడ్డాడు. "ఇది క్లాసా, కుస్తీ పోటీయా?" అని స్కేటింగ్ హాలు మేనేజరు చడామడా తిట్టాడు. పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారని టీచరమ్మ ఆ తిట్లన్నీ పడింది. అంత గోలలోనూ బల్లి పడలేదు గానీ, మొదటిసారి కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి టీచరమ్మ స్టిక్కర్ల షీటు తెచ్చి ఆ పిల్లకే ఇచ్చేసింది.

"పడ్డవాళ్ళు నీ దగ్గరికొస్తారు, నువ్వే అతికించాలి. దొంగవేషాలేస్తే ఇవ్వకు!"

"నువ్వు కావాలనే పడ్డావ్, పో!" అని బల్లి ఆ రోజే ఇద్దర్ని తిప్పి పంపింది. అతికించేటప్పుడు ఒక చెయ్యి గోడ వదిలేది. అదే పదివేలు.

ఆ నెల చివరి క్లాసు రోజున వాళ్ళమ్మ వచ్చింది. "గోడ పట్టుకోవడానికి ఇంతదూరం ఎందుకండీ, మా ఇంట్లో గోడల్లేవా? ఇవాళ కూడా ఇంతే అయితే మాన్పించేస్తాను."

టీచరమ్మ గుండెల్లో రాయి పడింది. ఎలాగైనా పిల్లకు హుషారు తెప్పించాలని నడిమధ్యకు వెళ్ళి గిరగిరా తిరగబోయింది. కాలు జారి చతికిలపడింది. నడుము పట్టేసి లేవలేకపోయింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుండిపోయారు.

"టీచర్ నిజంగానే పడ్డారు!" బల్లి అరిచింది. "ఉండండి, నేనొస్తున్నా!"

స్టిక్కరు వేలికి అంటించుకుని, బాతులా అడుగులేసుకుంటూ, తూలుతూ ఊగుతూ వచ్చేసింది. టీచరమ్మ బూటు మీద నక్షత్రం అతికించింది. అప్పుడు వెనక్కి చూసింది. గోడ ఎక్కడో ఉంది. పట్టుకోవడానికి గాల్లోకి చెయ్యి చాచింది. దబ్బున టీచరమ్మ పక్కనే పడింది.

గాజు తలుపు అవతల వాళ్ళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్ల లేచి కూర్చుని మోచేతులు తడుముకుంది. "పడటమంటే ఇంతేనా?"

టీచరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇంతేనే తల్లీ."

"మరి ముందే చెప్పొచ్చు కదా టీచర్!" అని విసుక్కుని, ఆ పిల్ల దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడింది.