బల్ల మీద రెండు డబ్బాలు

మోంటానాలో మంచు కరిగి పచ్చిక తలెత్తగానే నేల ఉడుతలు చేలనిండా బొరియలు తవ్వేస్తాయి. వాటిని కాల్చడానికి ఏటా ఏప్రిల్‌లో ఓ ఆదివారం వెర్న్ తన గ్యారేజీలో కూర్చుని చిన్న రైఫిల్‌కి వంద తూటాలు కట్టుకుంటాడు. డెబ్బై నాలుగేళ్ళొచ్చినా కొట్లో కొన్న తూటా ముట్టడు, అదో పంతం. చెల్లెలు లోర్నా ఆపిల్ పై చేసుకుని వచ్చి, తూటాల ఇత్తడి తొడుగులు తుడిచి పెడుతుంది. వాటిలో పోసే మందు జోలికి మాత్రం పోదు. మందు ఎంచేది మగపిల్లాడేనని వాళ్ళ నాన్న ఏనాడో తేల్చేశాడు. నాకూ ఇవ్వరాదా అని అరవై ఏళ్ళుగా ఆవిడ సణుగుతూనే ఉంది, ఈయన చెవిన పెట్టకుండానే ఉన్నాడు.

నాన్న పెట్టిన కట్టుబాటు ఇంకొకటుంది. బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బాయే ఉండాలి. చిన్నప్పుడొకసారి వెర్న్ రెండోది దించితే, ఆయన పని ఆపేసి పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. జోరుగా మండే మందు ఈ చిన్న తొడుగులో నిండా పడితే రైఫిల్ పేలి మొహం మీదికొస్తుందనీ, మరీ నిదానంగా మండేదైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుందనీ చెప్పాడు. ఆయన పైపు వాసన, వేళ్ళకంటిన మసి, చూరు నుంచి కారే మంచునీళ్ళ చప్పుడు. లోర్నాకి ఏప్రిల్ అంటే ఇప్పటికీ అదే.

ఈ ఆదివారం ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. రెండింటి మూతలూ తీసున్నాయి.

"ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? ఆ ఆపిల్ పై ఇలా తే," అన్నాడు వెర్న్.

"కొలపాత్రలో పోసింది ఏ మందు అన్నయ్యా?"

"ఇంకేముంటుంది, రైఫిల్‌దే."

"మరి ఆ రెండోది?"

వెర్న్ అటు తిరిగి చూశాడు. "పిస్తోలు మందు, జోరుగా మండేది. ఇదెవరు దించారిక్కడ?"

ఆ ఇంట్లో ఆయన తప్ప ఇంకెవరూ ఉండరు. కొలపాత్రలోంచి చిటికెడు తీసి అరచేతిలో నలిపాడు, దీపం దగ్గర పెట్టి చూశాడు. రెండూ బూడిదరంగు నలుసులే.

"నలభై కట్టేశానే. ఏది పోశానో తెలీడం లేదు."

"పోనిద్దూ. మొన్న నేను పొయ్యి మీద పాలు మరిచిపోలా?"

"పాలు పొంగితే పొయ్యి తుడుచుకుంటాం."

లోర్నాకి ఏడుపొచ్చింది. వెర్న్ నలభై తూటాలూ ఒక్కొక్కటే ఊడదీశాడు. ఆ మందూ, కొలపాత్రలోదీ తీసుకెళ్ళి పూలమొక్కల పాదుల్లో చల్లి వచ్చాడు. తన కుర్చీ చూపించాడు.

"కూర్చో. ఇక మందు నువ్వే ఎంచు."

అరవై ఏళ్ళుగా అడుగుతున్నది చేతికొచ్చింది. తీరా వచ్చాక లోర్నాకి అది అక్కర్లేకపోయింది.

"నావల్ల కాదు అన్నయ్యా."

"అవుతుందిలే. నేను చెప్తాగా. జోరుగా మండేది పడిందనుకో, రైఫిల్ పేలిపోతుంది. మరీ నిదానంగా మండేది పడితే గుండు లోపలే ఇరుక్కుంటుంది. తెలిసిందా?"

లోర్నా తలూపింది. పిస్తోలు మందు అలమరలో పెట్టేసి, మిగిలిన డబ్బా మీది పేరు పైకి చదివి, కొలపాత్ర నింపింది. పది తొడుగులు నిండాయి. వెర్న్ వాటికి గుండ్లు బిగిస్తూ బిగిస్తూ ముందుకు వంగాడు.

"చూడు చెల్లీ, నీకీ సంగతి ఎప్పుడూ చెప్పలేదు కదూ. జోరుగా మండే మందుందే..."

లోర్నా చేతిలో పని ఆపింది.

"లేదన్నయ్యా," అంది. "చెప్పు."