మధ్యాహ్నం రెండు గంటల గాలి

దీపావళి ప్రత్యేక సంచికలో తన నవల చివరి అధ్యాయం తెరిచిన డాక్టర్ ఉర్మిలా బర్వేకు, చచ్చిపోవలసిన ఊరు నిక్షేపంగా బతికి ఉండడం కనిపించింది.

ఆమె రాసిన నవలలో, కొంకణ తీరాన ఉన్న కారఖానా క్లోరిన్ ట్యాంకు మధ్యాహ్నం రెండింటికి పగులుతుంది. ఆ వేళ గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఇరవై నిమిషాల్లో నాలుగు వేల మంది చనిపోతారు. అచ్చులో మాత్రం ట్యాంకు తెల్లవారుజామున ఐదింటికి పగిలింది. గాలి నేల నుంచి సముద్రంలోకి వీచింది. ఊరంతా దగ్గుకుంటూ నిద్రలేచింది, చేపలు చచ్చాయి, కథ సుఖాంతమైంది.

టెలిఫోను మోగింది. కొంకణ తీరంలోని మురండీ ఊరి నుంచి బడిపంతులు దత్తారామ్.

"బాయీ, ఇదేం పని చేశారు? కారఖానావాళ్లు మీ సంచిక ఇంటింటికీ పంచుతున్నారు. 'మీరు నెత్తిన పెట్టుకునే రచయిత్రే రాసింది చూడండి, విషమంతా సముద్రంలోకే పోతుందట' అని నవ్వుతున్నారు."

"నేను రాయలేదు మాస్టారూ."

"కింద మీ పేరే ఉంది కదా! సోమవారం ప్రజాభిప్రాయ సేకరణ. కారఖానాకు రెండో క్లోరిన్ ట్యాంకు వద్దని నిలబడి మీ అధ్యాయం చదువుదామనుకున్నాం. ఇప్పుడేం చదవమంటారు, చేపలకు సంతాపమా?"

ఉర్మిల ఫోను పెట్టేసింది. నవలలో ఊరి పేరు వేరు. కారఖానా, ట్యాంకు, గాలి మాత్రం మురండీవే. పద్దెనిమిదేళ్లు వాతావరణ పరిశోధనశాలలో గాలులు కొలిచిన మనిషి ఆమె. తీరంలోని కారఖానాల మీద ఆమె రాసిన హెచ్చరికను పైవాళ్లు బీరువాలో పెట్టి తాళం వేస్తే, రాజీనామా వాళ్ల బల్ల మీద పడేసి బయటికొచ్చింది. నివేదిక ఎవరూ చదవరు, నవలైతే చదువుతారని అప్పుడే తేల్చుకుంది. పధ్నాలుగు నవలలు రాసింది. బహుమతుల సంఘాలవాళ్లు పిల్లల కథలని పక్కన పెట్టారు. పాఠకులు మాత్రం ఆమె అంకెలను నమ్మారు. ఇన్నేళ్లలో ఒక్క అంకె తప్పలేదు.

స్కూటర్ తీసి సదాశివ పేటలోని పత్రిక కార్యాలయానికి పోనిచ్చింది.

"టిళ్లూ! నా ఊరిని బతికించింది ఎవరు?"

సంపాదకుడు చింతామణ్ టిళ్లూ కళ్లజోడు పైకి నెట్టాడు. "కూర్చో తాయీ, ముందు కాస్త అటుకుల చివడా తిను."

"నీ చివడా తగలెయ్య. ప్రూఫులు తియ్యి."

"నా మీద అరుస్తావేం? గాలి ఎటు వీస్తుందో నాకేం తెలుసు, కాగితాలు ఎగిరితే ఫ్యాను కట్టేస్తాను, అంతే! నీ ప్రూఫులు ఇరవై రెండేళ్లుగా గోగటే చూస్తున్నాడు. 'అతను ఆకుపచ్చ సిరాతో దిద్ది ఉంటే నన్ను కూడా అడగకుండా అచ్చుకిచ్చెయ్' అన్నది ఎవరు? నువ్వే కదా!"

నిజమే. అది ఆమె పెట్టిన నియమమే. శ్రీధర్ గోగటే విశ్వవిద్యాలయంలో ఆమె సహాధ్యాయి, తరువాత అక్కడే గాలుల పాఠాలు చెప్పిన ప్రొఫెసరు. లెక్కలో అతన్ని మించినవాడు లేడని ఆమె నమ్మకం.

టిళ్లూ కట్ట విప్పాడు. చివరి అధ్యాయం నిండా ఆకుపచ్చ సిరా. గోగటే ట్యాంకు పగిలే గంట మార్చాడు. దానికి తగ్గట్టు ఉష్ణోగ్రత మార్చాడు, గాలి వేగం మార్చాడు, వీధిలో ఎండకు పట్టిన గొడుగు తీసేసి ముసలాయనకు శాలువా కప్పాడు. తెలియనివాడు చెడగొడితే ఎక్కడో అతుకు కనిపించేది. ఇది తెలిసినవాడు ఒళ్లు దగ్గరపెట్టుకుని చేసిన పని. ఉర్మిల ప్రూఫులు సంచిలో కుక్కుకుంది.

ప్రభాత్ రోడ్డులో గోగటే ఇంటి తలుపు అతని భార్య మాలతి తీసింది.

"వదినా, మీరు కాసేపు లోపలుండండి. శ్రీధర్‌తో నాకు పనుంది."

గోగటే కుర్చీలోంచి లేవలేదు. "ఉర్మీ, చదివావా? కథ కొంచెం మెత్తబడింది. పండగపూట అంత చావెందుకని..."

"నోరు ముయ్యి శ్రీధర్. చావు వద్దనుకుంటే ట్యాంకు పగలకుండా చేసేవాడివి. దాన్ని పగలనిచ్చి గాలిని తిప్పావు. మురండీ కారఖానా దగ్గర గాలి ఎప్పుడూ సముద్రంవైపే వీస్తుందని, ట్యాంకు పెట్టొచ్చని భద్రతా సంఘం రాసిచ్చింది. ఆ సంఘానికి అధ్యక్షుడివి నువ్వు. ఎప్పుడు కొలిచావు ఆ గాలిని?"

"అది పదకొండేళ్ల కిందటి మాట. ఇప్పుడెందుకు?"

"సోమవారం రెండో ట్యాంకుకు అనుమతి ఇస్తారు గనక! నీ సంతకం, నా పేరు, రెండూ చూపించి ఇస్తారు. నాలుగు వేల మంది శ్రీధర్. వాళ్లలో మూడొందల మంది బడిపిల్లలు, మధ్యాహ్నం రెండింటికి ఆ ట్యాంకు ఎదురుగా పాఠం వింటుంటారు. నా పేరు పెట్టి వాళ్లను చంపుతావా?"

ఆమె బల్ల మీది ఆకుపచ్చ కలం తీసి, తెల్లకాగితంతో సహా అతని ముందుకు విసిరింది.

"రాయి. ఆ గాలిని ఎలా కొలిచావో ఉన్నదున్నట్టు. దత్తారామ్ మాస్టారు సోమవారం మురండీలో చదవడానికి. నువ్వు రాయకపోతే ఈ ప్రూఫులు నేనే పట్టుకెళ్లి నీ చేతిరాత ఊరందరికీ చూపిస్తాను."

లోపల మాలతి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. గోగటే కలం మూత తీశాడు. రాస్తూ రాస్తూ పైకే చదివాడు.

"మురండీ గాలిని కొలిచింది నేనే. ఆరు రోజులు కొలిచాను, ఆరు రోజులూ పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకానే. ఆ తరువాత జీపు తనకు కావాలని కారఖానా మేనేజరు అడిగేవాడు. అతిథిగృహంలో భోజనం చల్లారిపోతుందనేవాడు. మా శాకాహారపు ఇంట్లో వండని సురమయి చేప అక్కడ వేయించి పెట్టేవాళ్లు. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందని నాకు తెలుసు. మొదటి సంవత్సరం పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. తెలిసే సంతకం పెట్టాను. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. ఉర్మిల నవల బయటికొస్తే అడుగుతారని భయపడి, నా నివేదికకు సరిపోయేలా ఆమె నవలను దిద్దాను. ఆమె లెక్కలో తప్పు లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు నేను ఆ ఒడ్డున ఒక్కసారి కూడా నిలబడలేదు."