నడుమవాళ్ళు నాటిన మొక్కలు

తొలకరి వానకు సామల బుట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కిన సోములమ్మకు, తన పోడు చేనులో ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు గుంతలు తవ్వుతూ కనిపించారు. గుంతకో సిల్వర్ ఓక్ మొక్క.

"ఏటి బాబూ సేత్తన్నారు? నేల అలిసిపోనాదని పడుకోబెట్టినాం. ఈ ఏడు ఇత్తుకోవాల," అంది.

పని చేయిస్తున్న సత్యనారాయణ నవ్వాడు. సంతలో ప్లాస్టిక్ ఏరుతూ ఫొటోలు దిగి, గుడ్డసంచులు పంచి, ఏడాది తిరక్కుండా పచ్చబాట పార్టీ అభ్యర్థి అయిపోయిన లంబసింగి రిసార్టు యజమాని అతను. బంజరును అడవి చేస్తున్నామన్నాడు. తమ పార్టీ కంపెనీ వైపూ కాదు, గిరిజనుల వైపూ కాదు, నడుమ ఉంటుందన్నాడు.

అవతలి కొండ మీద అడవి నరికిన కంపెనీ, బదులుగా ఎక్కడో ఒకచోట మొక్కలు నాటి ప్రభుత్వానికి చూపించాలట. మొక్కలు కంపెనీవి, జెండా పార్టీది, నేల సోములమ్మది. రేపో మాపో కంచె కూడా వస్తుంది. ఎటు గాలి వీస్తే అటు వంగేవాడికి భగవంతుడు వెన్నెముక ఎందుకిచ్చినట్టో!

ఆ సాయంత్రం ఊరంతా కూర్చుంది. మొక్కలు పీకి తగలబెడదామన్నాడు గాసి. పాడేరు కాలేజీలో చదివే రవికుమార్ అర్జీ పెడదామన్నాడు. ఇదివరకటి అర్జీలు ఏ చెదలు తిన్నాయని ఆడవాళ్ళు నవ్వారు. సోములమ్మ మాత్రం కొండదేవత వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

"మొక్కేటి పాపం సేసింది? మన్నుతోటి తీద్దాం. సెట్లు నేని సోట పాతుదాం."

చెట్లు లేని చోటు అందరికీ తెలుసు. సత్యనారాయణ తన రిసార్టు ముందు కార్లు నిలపడానికి పనసచెట్లు కొట్టించిన జాగా.

తెల్లారేసరికి ఆడవాళ్ళు జీపుల్లో లంబసింగి చేరి, రిసార్టు ముంగిట మొక్కలన్నీ నాటేశారు. టూరిస్టుల కార్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. సత్యనారాయణ పరుగున వచ్చి, పీకించమని ఎస్సైని బతిమాలాడు. ఎస్సై గేటు మీది బ్యానరు చూశాడు. 'మొక్కను పీకేవాడు మనిషే కాదు' అన్న నినాదం కింద సత్యనారాయణ బొమ్మ చేతులు జోడించి ఉంది. చుట్టూ ఫోన్లు వీడియోలు తీస్తున్నాయి. ఒక్క పోలీసూ మొక్క మీద చెయ్యి వెయ్యలేదు.

"నడుమ ఉంటానన్నావు కదా బాబూ. మొక్కల నడుమ నిలబడు, సూద్దాం," అంది సోములమ్మ.

మొక్కల్ని ముట్టుకోలేని పోలీసులు మనుషుల్ని వ్యానెక్కించారు. పరాయి జాగాలో చొరబడ్డారట! పోడులో గుంతలు తవ్వినవాళ్ళ మీద ఆ కేసు పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు.

ఘాటు రోడ్డు మలుపులో వ్యానుకు జీపులు ఎదురొచ్చాయి. కంపెనీ మొక్కలు మొలిచిన పక్క ఊళ్ళ ఆడవాళ్ళు వాటిలో ఉన్నారు. అందరి ఒళ్ళోనూ మన్నంటిన మొక్కలే. ముందు జీపులో గాసి వేలాడుతున్నాడు.

సోములమ్మ కిటికీ ఊచల్లోంచి గాసిని చూసి అరిచింది.

"సామలు ఇత్తినారా?"

"పొద్దున్నే ఇత్తేసినాం పిన్నీ. ఆళ్ళు తవ్విన గుంతల్లో కూడా."