పాప ఏడుపు ఆపేసింది

"జ్వరం తగ్గిందక్కా. ఏడుపు కూడా ఆపేసింది. హాయిగా పడుకుంది. నువ్వు ఊరికే కంగారుపడకు."

ఫోన్‌లో తమ్ముడి మాటకు పిల్లల డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఇంతసేపూ ఐసీయూలో జూనియర్ల ముందు గొంతు చించుకుని వచ్చింది మరి. సెప్సిస్ అంటే జ్వరం ఎంతుందని కాదు బాబూ, ఇన్‌ఫెక్షన్ దెబ్బకు ఏ అవయవం దెబ్బతింటోందో చూడండి, రక్తప్రసరణే దెబ్బతింటే అది షాక్ అని. వాళ్ళు బుద్ధిగా తలలూపారు. సొంతవాళ్ళకు మాత్రం థర్మామీటరే దేవుడు!

"లేపితే లేస్తోందా?"

"ఇప్పుడేగా పడుకుంది, లేపడమెందుకే?" తమ్ముడి చేతిలోంచి తల్లి ఫోన్ లాక్కుంది.

"ఉచ్చ పోసిందా అమ్మా?"

"పొద్దుట్నుంచీ డైపర్ మార్చే పనే పెట్టలేదు, బంగారుతల్లి."

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఫోన్ వాడికివ్వు. ఒరేయ్, దాని వేలిగోరు నొక్కి వదులు. తెల్లబడి వెంటనే ఎర్రబడాలి."

"నీ మరదలు పాప గోళ్ళకి రంగేసిందక్కా. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి."

"నీ మొహం! కాళ్ళు చూడు."

"సాక్సులున్నాయి. చల్లగా ఉన్నాయని అమ్మ తొడిగింది."

"కాళ్ళు చల్లబడితే నాకు చెప్పరా?"

"నువ్వడగలేదుగా!"

ఏం మనుషులురా నాయనా! ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. అడగని మాటా నిజమే. అది గుర్తొచ్చి ఇంకా చిర్రెత్తింది.

"చొక్కా పైకెత్తి రొమ్ము మీద వేలితో గట్టిగా నొక్కి వదులు."

పుట్టాక గొంతు తగ్గించి ఎరగని తమ్ముడు సన్నగా అన్నాడు. "అక్కా, తెల్లగానే ఉండిపోయింది."

"ఎత్తుకుని వచ్చెయ్. ఎవరితోనూ వాదించకు."

ఆమె ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడింది. కారు ఆగీ ఆగకముందే పాపను లాక్కుని లోపలికి పరుగెత్తింది. చేతికి సూది గుచ్చినా పాప చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సెలైన్, మందు ఎక్కిస్తుంటే డాక్టరమ్మ అందరి మీదా కసురుకుంది, ఏ తప్పూ లేని నర్సుతో సహా. భయమేస్తే ఆమెకు అరవడమొక్కటే తెలుసు. మరదలు గోడకు ఆనుకుని ఏడ్చింది. తమ్ముడు సాక్సులు పిడికిట్లో నలుపుతూ నిలబడ్డాడు.

చాలాసేపటికి రక్తపరీక్ష కోసం మళ్ళీ సూది గుచ్చారు. పాప ముఖం ముడుచుకుంది. కాలు విదిలించి, వార్డు ఎగిరిపోయేలా కేర్‌మంది.

"అయ్యో, నా తల్లే!" మరదలు ఊరుకోబెట్టడానికి ముందుకు దూకింది.

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఊరుకోబెట్టకే. ఏడవనీ."