చేప కింది రొట్టె

"నువ్వున్నన్నాళ్లూ ఈ ఇంట్లోంచి నిన్ను కదిలించేవాడు లేడు, అత్తా."

తండ్రి పోయి ఇల్లు తన చేతికొచ్చిన రోజు, అందులో అద్దెకున్న యులాలియాతో అన్సెల్మో అన్న మాట ఇది. రెండేళ్లు నిండలేదు, ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఊరు చూడ్డానికొచ్చే యాత్రికులకి అద్దె గదులు కడతాడట.

ఆమె మనవడు దువార్తెకి ఒళ్లు మండిపోయింది. ఇంకా మండే సంగతేమిటంటే, అతని కూడూ ఆ యాత్రికుల దగ్గరే. ఆ రోజు పొద్దున్నుంచీ ఒక గుంపుని వెంటేసుకుని లిస్బన్ అంతా తిప్పాడు. కోట ఎక్కించాడు, ట్రామెక్కించాడు, పెద్ద చర్చి చూపించాడు. వాళ్లు చర్చి కంటే ఆరేసిన లంగాలకే ఎక్కువ ఫొటోలు తీశారు. అల్ఫామా పేటలో నాయనమ్మ ఉండే మెట్ల సందులోకి రాగానే ఒకావిడ, ఇక్కడ నిజంగా మనుషులు కాపురముంటారా అని అడిగింది. ఇల్లు సరుకు కాదు, హక్కు అని దువార్తె ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ఆవిడ మరుగుదొడ్డి ఎక్కడని అడిగింది.

సాయంత్రం భోజనం నాయనమ్మ గుమ్మం ముందే. జూన్ వస్తే ఆ సందులో అందరూ బొగ్గుల మీద సార్డీన్ చేపలు కాలుస్తారు. రొట్టెముక్క మీద చేప పెట్టుకుని చేత్తో తింటారు. నూనె ఇంకిన ఆ రొట్టెని చివరికి దాచుకుంటారు. యాత్రికులు మాత్రం దాన్ని ఎంగిలాకులా వదిలేసి లేచిపోయారు.

అప్పుడే గదులు కొలవడానికి అన్సెల్మో టేపు పట్టుకొచ్చాడు. ఆ సందులో పుట్టినవాడే, పొగ వాసనకి కాళ్లు ఆగిపోయాయి. యులాలియా బెంచీ చూపించింది. కూర్చుని చేపలు తిన్నాడు. అలవాటు కొద్దీ రొట్టె కూడా తినేశాడు.

లేవబోయాడు. లేవలేకపోయాడు.

యులాలియాకి మాటిచ్చి తప్పినవాళ్లు ఆమె రొట్టె తింటే ఆ బెంచీ వాళ్లని వదలదు. కిందటేడు తాజావని మాటిచ్చి పాచి చేపలు అంటగట్టిన చేపలమ్మి జెర్త్రూద్, మంచివి ఇస్తానని తన నోటితో ఒప్పుకునేదాకా పూటంతా అక్కడే కూర్చుంది.

"రొట్టె ఎందుకు తిన్నావురా, మతిలేనోడా," అని ఎదురింటి కిటికీలోంచి ఒక ముసలాయన, రాత్రికి పనికొస్తుందని తలగడ విసిరాడు.

"అత్తా, లేవనియ్యి. నాకు పనులున్నాయి."

"నేనేమైనా పట్టుకున్నానా?" అంటూ ఆమె ఇంకో చేప తిరగేసింది.

ఈసారి దువార్తె ఉపన్యాసం ఎత్తుకోలేదు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బాబాయ్, పదమూడున సాంతు ఆంటోనియో పండగ. చుట్టాలొస్తారు, ఈ బెంచీ కావాలి. ఈ ఇంట్లో నాయనమ్మ ఉంటుందా లేదా, నీ నోటితోనే చెప్పు. జూన్ పన్నెండు సాయంత్రం లోపల."