గిటారులో రొద

సాయంకాలం ప్రార్థన అయిందంటే టీ పెట్టాలి. క్యాథరిన్ వాకిట్లో ఆరబోసిన కాఫీ గింజలు ఎత్తి లోపల పోసిందో లేదో, అత్త మగ్దలేనమ్మ పిలవనే పిలిచింది. "బేగి రాయే. జనం వచ్చేసినారు, ఆడి పెట్టి ఎయ్యి."

పెట్టి అంటే యాంప్లిఫయరు. దాని పక్కన కుర్చీలో క్యాథరిన్ మొగుడు సైలస్ గిటారు. స్విచ్చి వెయ్యగానే రొద మొదలవుతుంది. వాయించే మనిషి పోయినేడు వానల్లో ఘాట్ రోడ్డు మీద బండి జారి చచ్చిపోయాడు, గిటారు మాత్రం ఊరుకోవడం లేదు. "నా కొడుకు గొంతే," అని ముసలామె కళ్లు మూసుకుంటుంది. వచ్చినవాళ్లు తలలూపుతారు. క్యాథరిన్ గ్లాసులు అందించి, గ్లాసులు కడిగి, ఆ రొదని చెవుల్లో పెట్టుకునే పడుకుంటుంది. మొగుడు చచ్చినా చాకిరీ చావలేదని ఒళ్లు మండుతుంది. మండినందుకు మళ్లీ భయం వేస్తుంది.

ఆ రొద ఏమిటో ఆమెకు తెలుసు. సైలస్ కోపంలో గిటారు విసిరినప్పుడల్లా లోపల ఎర్త్ వైరు ఊడిపోయి రొద పెట్టేది. తెల్లారాక సాల్డరింగ్ ఐరన్ తెచ్చి ఆమె ముందు పడేసేవాడు. "నా సెయ్యి వణుకుతాది, నువ్వతుకు. అతికేసి పక్కన పెట్టు. ఆడది వాయిత్తే సంగం నవ్వుతాది." ఆమె అతికేది, ఆదివారం అతను వాయించేవాడు, అందరూ అతన్ని మెచ్చుకునేవారు. చివరిసారి కూర చల్లారిందని విసిరాడు. అది ఆమె భుజానికి తగిలి కింద పడింది. అతను బండెక్కి వెళ్లిపోయాడు, మరి రాలేదు. ఇప్పటికీ రొద మొదలయితే ఆ భుజం సలుపుతుంది.

"ఆదివారం నించి సర్చిలోనే పెడదాం, ఊరంతా ఇంటాది," అన్నాడు పాస్టరు వరప్రసాదం లేస్తూ. "టీ అక్కడికే పట్టుకొచ్చీ, అమ్మా."

వాళ్లు గడప దాటగానే క్యాథరిన్ గిటారు బోర్లించి వెనక మూత మరలు విప్పింది. స్ప్రింగుల పక్కన వైరు కొస వేలాడుతోంది. గీకి, సీసం కరిగించి అతికింది. చెయ్యి వణకలేదు.

"ఏటి సేత్తన్నావే? నా కొడుకుని మళ్లీ సంపేత్తావా?" ముసలామె పరుగున వచ్చింది.

క్యాథరిన్ స్విచ్చి వేసింది. రొద సన్నగా వచ్చింది. హమ్మయ్య అనుకుని ముసలామె కూలబడింది. అతికిన గిటారు కూడా ఎవరూ ముట్టుకోకపోతే కాస్త రొద పెడుతుంది, మనిషి చెయ్యి పడితేనే ఊరుకుంటుంది. క్యాథరిన్ తీగల మీద అరచెయ్యి ఆనించింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కొండవాగు చప్పుడు వినపడింది.

"సెయ్యి తియ్యి. ఆడు మాటాడాల."

"అది మాట కాదత్తా, కోపం. నా భుజం మీదికి ఇసిరినపుడు ఊడింది. సర్చిలో పెట్టి ఊరందరికీ ఇనిపించమంటావా?"

ఎన్నడూ ఎవరితోనూ అనని మాట. అత్త ఇంట్లోంచి వెళ్లగొడుతుందేమో అనుకుంది.

"ఎరికే," అంది ముసలామె. "ఆ పూట తలుపు ఎనకాలే ఉన్నాను. మీ మావ సెంబులు ఇసిరీవోడు. ఆ సొట్ట సెంబుతోనే ఇప్పటికీ నీళ్లు తాగుతన్నాను."

క్యాథరిన్ చెయ్యి పట్టు సడలి తీగల మీంచి లేచింది. రొద మళ్లీ అందుకుంది.

"తియ్యకే," అంది మగ్దలేనమ్మ. "ఆ సెయ్యి అలాగే ఉంచు."